టాపు కోసే ముందు: స్పోర్ట్స్ కారును ఓపెన్ కారుగా మార్చే పని, మొదటి కొలత నుంచి వాన పరీక్ష దాకా

బరంపురంలోని మా షెడ్డులో కారు పైకప్పును ఒడియా మేస్త్రీలు ‘ఛాత’ అంటారు, తెలుగు మేస్త్రీలు ‘టాపు’ అంటారు. రెండు మాటలు వింటే మనకు ఇంటి కప్పే గుర్తుకు వస్తుంది. తప్పు ఆ పోలికలోనే మొదలవుతుంది. ఇంటి కప్పు గోడల మీద కూర్చుంటుంది కనుక పెంకులు దించినా, తాటాకు తీసినా గోడలు నిలబడే ఉంటాయి. కారులో కప్పే గోడలను పట్టి ఉంచుతుంది. అది మూత కాదు, దూలం. ఆ దూలాన్ని తీసేసేవాడు అది మోస్తున్న బరువును ఇంకెక్కడ మోయించాలో ముందే నిర్ణయించి, అక్కడ ఉక్కు వేసి, అది పని చేస్తున్నదో లేదో కొలిచి చూసిన తరువాతే గ్రైండర్ పట్టుకోవాలి. ఈ మార్గదర్శిలో కోత చివరి భాగంలో వస్తుంది. దానికి ముందు చేయవలసినదే ఎక్కువ.

మొదట చట్టం సంగతి. గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున, తప్తపాణి ఘాటీ మలుపుల్లో టాపు లేని కారు నడపాలన్న కోరికతోనే చాలామంది ఈ పని అడగడానికి వస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడానికి వీలులేదు. వాహనం మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పునే ఆ సెక్షన్ ‘మార్పు’ అని వివరిస్తుంది. కప్పు తీసేయడం కన్నా మౌలికమైన మార్పు ఊహించడం కష్టం. తయారీదారు నమూనాకు విరుద్ధమైన మార్పును అనుమతించరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఒక కేరళ కేసులో స్పష్టం చేసింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించడానికి ఇది కారణం కూడా కావచ్చు.

కాబట్టి ఇక్కడ వివరించే పని ప్రజా రహదారి ఎక్కని కారుకే, అంటే ట్రాక్ మీద, సొంత ఆవరణలో, ప్రదర్శనల్లో ఉండే, లారీ మీద ఎక్కించి తీసుకుపోయే కారుకే వర్తిస్తుంది. రోడ్డు మీద గాలి కావాలనుకునేవారు ఫ్యాక్టరీలోనే ఓపెన్‌గా తయారైన కారును కొనుక్కోవాలి. ఈ మాట చెప్పినందువల్ల నా షెడ్డుకు రావలసిన పని కొంత పోయింది. పోయినందుకు నాకు విచారం లేదు.

కప్పు ఏం మోస్తుంది

ఒక మిఠాయి అట్టపెట్టెను తీసుకుని, మూత అతికి ఉన్నప్పుడు రెండు చివరలు పట్టి మెలితిప్పి చూడండి. తరువాత మూత కోసేసి మళ్ళీ మెలితిప్పండి. చేతికి తెలిసే ఆ తేడాకు లెక్క కూడా ఉంది. సగటు వ్యాసం 100 మిల్లీమీటర్లు, రేకు మందం 2 మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు గొట్టానికి పొడవునా ఒక చీలిక పెడితే, మెలితిప్పుడును తట్టుకునే దాని బిగువు 1,875వ వంతుకు పడిపోతుంది. సూత్రం చిన్నది: వ్యాసార్ధాన్ని మందంతో భాగించి, వర్గం చేసి, మూడుతో గుణించాలి. గొట్టంలో ఉక్కు ఏమీ తగ్గలేదు, చుట్టు మాత్రమే తెగింది. కారు శరీరం అంత సరళమైన గొట్టం కాదు కనుక పతనం అంత ఘోరంగా ఉండదు, కాని జరిగేది అదే.

మెలితిప్పుడుకు తోడు వంపు కూడా ఉంది. కప్పు ఉన్నంతకాలం కారు పక్కభాగం గడప నుంచి టాపు దాకా మీటరుకు పైబడిన ఎత్తున్న చట్రంగా పని చేస్తుంది. కప్పు పోయాక ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య మిగిలే దూలం, డోరు కింద అడుగు ఎత్తు కూడా లేని ఉక్కు పెట్టె ఒక్కటే. షెడ్లలో దాన్ని రన్నింగ్ బోర్డు అంటారు. నేను ఈ వ్యాసంలో గడప అంటాను, ఎందుకంటే ఇంట్లో గడప చేసే పనికి ఇది చేసే పని దగ్గరగా ఉంటుంది. నిలబెట్టిన పలక ఎత్తును రెట్టింపు చేస్తే దాని వంపు బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఎత్తు తగ్గించినప్పుడు అదే లెక్క మన మీదికి తిరుగుతుంది.

స్పోర్ట్స్ కారు విషయంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. దాని స్ప్రింగులు గట్టివి, టైర్లు వెడల్పైనవి కనుక మామూలు కారులో స్ప్రింగు మింగేసే కుదుపు ఇక్కడ నేరుగా శరీరానికి చేరుతుంది. శరీరమే మెలితిరుగుతుంటే ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బరు పెట్టినా అది ఏ చక్రాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియని స్థితిలో ఉంటుంది. స్టీరింగు, డాష్‌బోర్డు, ముందు అద్దం కలిసి వణికే లక్షణం అప్పుడు కనిపిస్తుంది.

పెద్ద సంస్థలకు కూడా ఇది తేలిగ్గా లొంగలేదు. 1968 షెవ్రొలే కార్వెట్‌కు మొదట ఒకే పలకగా ఊడివచ్చే టాపు పెట్టాలనుకున్నారు. శరీరం వంగిపోతుండడంతో మధ్యలో ఒక కమ్మీ వేయక తప్పలేదు, అలా రెండు పలకల టీ-టాప్ వచ్చింది. పోర్షే 1965లో 911 టార్గాను చూపించినప్పుడు సీట్ల వెనక స్థిరమైన కమాను ఉంచేసింది. పూర్తిగా తెరుచుకునే 911 క్యాబ్రియొలే రావడానికి 1982 దాకా పట్టింది. మరోవైపు మెక్‌లారెన్ 12సీలో మనుషులు కూర్చునే కార్బన్ ఫైబర్ తొట్టెలోనే బలమంతా ఉంది కనుక దాని స్పైడర్ రూపానికి అదనపు బలం వేయనవసరం లేకపోయింది. పెరిగిన సుమారు 40 కిలోలు ఆ మడతపడే కప్పువి, దాని యంత్రాంగానివి.

ఏ కారు పనికి వస్తుంది

విడి ఛాసిస్ మీద ఫైబర్ శరీరం కూర్చున్న కారు అన్నిటికన్నా సులువు, ఎందుకంటే దాని కప్పు మోసేది తక్కువ. ఉక్కు మోనోకాక్ కూపే, అంటే విడి ఛాసిస్ లేకుండా శరీరమే చట్రంగా పని చేసే గట్టి కప్పు కారు, సాధ్యమే గాని శ్రమ ఎక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే. జిగురుతో అతికించిన అల్యూమినియం శరీరాన్ని, కార్బన్ శరీరాన్ని మామూలు షెడ్డులో ముట్టుకోకూడదు. వెల్డింగ్ వేడికి జిగురు చెడుతుంది, కార్బన్ పొరలు కోసిన చోట విడిపోతాయి, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. హైబ్రిడ్ కార్లను కూడా వదిలేయండి. డోరు అద్దానికి చుట్టూ ఫ్రేము లేని కూపే దొరికితే సగం తలనొప్పి అక్కడే తీరుతుంది. ఇంజను సీట్ల వెనక ఉన్న కారులో వెనక స్తంభాలలోంచే గాలి మార్గాలు పోతుంటాయి. వాటిని కోస్తే ఇంజను ఊపిరి కోసినట్టే.

అసలు మొత్తం కప్పు తీయాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, టార్గా పద్ధతి మేలు. డోర్ల వెనక అంచున ఉండే నడిమి స్తంభాలను, వాటిని కలిపే కమానును, వెనక అద్దాన్ని ఉంచేసి, తల మీది పలకను మాత్రం తీసిపెట్టుకునేలా చేస్తే గాలి అంతా వస్తుంది, సీటు బెల్టు స్థానం కదలదు, బోల్తా పడినప్పుడు తలకు రక్ష ఉంటుంది.

విప్పడం, అందులోని ప్రమాదం

బ్యాటరీ తీగలు రెండూ విప్పి, కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, ఆ తరువాతే ఎయిర్‌బ్యాగు వైర్లకుండే పసుపు కనెక్టర్లను ముట్టుకోవాలి. కప్పు అంచుల లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు చుట్టి ఉంటాయి. వాటి చివర ఒత్తిడి నింపిన గ్యాస్ సిలిండరు ఉంటుంది. అది ఏ స్తంభంలో ఉందో బయటికి తెలియదు. లైనింగ్ విప్పకుండా గ్రైండర్ పెట్టినవాడు ఆ సిలిండరును కోస్తే ప్రాణం మీదికి వస్తుంది. సీటు బెల్టును ప్రమాద సమయంలో బిగించే పరికరంలోనూ మందుగుండు ఉంటుంది, అది తరచు నడిమి స్తంభం అడుగున కూర్చుంటుంది. వీటన్నిటినీ కళ్ళతో చూసి, విప్పి, ఎయిర్‌బ్యాగు విచ్చుకునే వైపు పైకి ఉండేలా వేరే గదిలో పెట్టాలి. పెట్రోలు ట్యాంకు దించేయాలి. కంప్యూటరు పెట్టెల కనెక్టర్లు ఊడదీయాలి, ఎందుకంటే వెల్డింగ్ కరెంటు వాటిలోంచి దారి వెతుక్కుంటుంది. సీట్లు, కార్పెట్లు, వెనక అద్దం, కప్పు లైనింగ్, స్తంభాల్లోని వైర్లు, యాంటెనా అన్నీ బయటికి రావాలి. ముందు అద్దాన్ని తీయించి పెట్టుకోవడమే మంచిది; నిప్పురవ్వ తగిలిన అద్దం మీది మచ్చ మళ్ళీ పోదు.

కొలత

ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దు.

కారును చదునైన సిమెంటు నేల మీద, నాలుగు స్టాండ్ల మీద నిలపాలి. స్టాండ్లు సస్పెన్షన్ శరీరానికి తగిలే చోట్ల కింద ఉండాలి, గడప కింద కాదు. మట్టం చూడడానికి తాపీమేస్త్రీ వాడే నీళ్ళ గొట్టం చాలు. పారదర్శక గొట్టంలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒక చివర ఎడమ గడప గుర్తు దగ్గర, రెండో చివర కుడి గడప గుర్తు దగ్గర పట్టుకుంటే, కారు ఎంత వెడల్పున్నా మిల్లీమీటరు తేడా కనిపిస్తుంది. అడ్డంగా రసమట్టం, నిలువుగా తూకం గుండు సరిపోతాయి. తరువాత డోరు ఖాళీకి మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలిచి, డోరు బిగించి దాని చుట్టూ ఎనిమిది చోట్ల సందు ఎన్ని మిల్లీమీటర్లో చూసి, ఆ అంకెలను కాగితం మీద కాకుండా డోరు కీలు స్తంభం మీదే పెయింటు పెన్నుతో రాయాలి. కాగితం పోతుంది.

ఆ తరువాత మెలితిప్పుడు పరీక్ష. శరీరం వెనక భాగాన్ని రెండు స్టాండ్ల మీద కదలకుండా బిగించి, ముందు భాగాన్ని అడ్డంగా బోల్టులు వేసిన ఒక బలమైన కమ్మీ ద్వారా సరిగ్గా మధ్యలో ఉన్న ఒకే ఒక ఆధారం మీద నిలపండి. పక్కలకు ఒరిగిపడకుండా శరీరానికి తగలకుండా కొద్ది ఎడంలో స్టాండ్లు కాపలా ఉంచండి. కమ్మీకి ఒక పక్కన, మధ్య నుంచి ఒక మీటరు దూరంలో 100 కిలోల బరువు వేలాడదీస్తే 981 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. ముందు సస్పెన్షన్ చోట్ల కింద, ఒకదానికొకటి 1,200 మిల్లీమీటర్ల దూరంలో రెండు డయల్ గేజీలు పెట్టి, ఒకటి ఎంత దిగింది, రెండోది ఎంత లేచింది చూడండి. రెండూ కలిపి 2.1 మిల్లీమీటర్లు వస్తే శరీరం డిగ్రీలో పదోవంతు తిరిగినట్టు, అంటే బిగువు డిగ్రీకి సుమారు 9,800 న్యూటన్ మీటర్లు. వెనక స్టాండ్ల దగ్గర కదలిక ఉంటే దాన్ని తీసేసి లెక్క కట్టాలి. బరువు దించాక ముల్లు సున్నాకు రావాలి. రాకపోతే ఏదో జారింది, మళ్ళీ మొదలుపెట్టాలి. పరీక్ష జరుగుతున్నంతసేపు ఎవరూ కారు కింద ఉండకూడదు.

ఈ పరీక్షను మూడుసార్లు చేస్తాం: కోత, వెల్డింగ్ ఏదీ మొదలుపెట్టకముందు, కొత్త ఉక్కు వేశాక కప్పు ఉండగానే, కప్పు కోశాక. మూడో అంకె మొదటి అంకెకు ఎంత దగ్గరగా వస్తే పని అంత బాగా జరిగినట్టు. మొదటి అంకెను పూర్తిగా అందుకోవడం షెడ్డు పనిలో అరుదు. అందులో సగానికి కూడా రాకపోతే ఆ కారును ట్రాక్ మీదికి పంపకూడదని నా షెడ్డు నియమం.

తాత్కాలిక బిగింపు

కొన్నేళ్ళ కిందట ఇంకొక ఊళ్ళో టాపు కోయించుకున్న ఎర్రటి రెండు డోర్ల కూపే ఒకటి లారీ మీద మా దగ్గరికి వచ్చింది. కోసినవారు లోపల ఏ కమ్మీ వేయలేదు. యజమాని దింపగానే ఎడమ డోరు తెరిచి చూపించాడు. అది తెరుచుకుంది, మళ్ళీ పడలేదు. గడప మధ్యలో దిగడంతో ముందు, నడిమి స్తంభాల తలలు ఒకదాని వైపు ఒకటి ఒరిగాయి. డోరు వెనక పైమూలలో సందు సున్నా అయి పెయింటు గీసుకుపోతోంది, కింద మాత్రం నా చిటికెన వేలి గోరు దూరేటంత ఖాళీ. గడప మధ్యలో చెక్క దిమ్మ పెట్టి జాకీ రెండు మలుపులు తిప్పితే డోరు టక్కున పడింది. జాకీ దించితే మళ్ళీ ఇరుక్కుంది. ఆ చప్పుడు విన్నాక నేను ఇంకేమీ వివరించవలసిన అవసరం లేకపోయింది. ఆ స్థితిలో ఉక్కు వేసి ఉంటే వంకరను శాశ్వతం చేసినట్టయ్యేది. శరీరాన్ని తిరిగి మట్టానికి తీసుకురావడానికే చాలా రోజులు పట్టింది.

అందుకని కోతకు ముందే ప్రతి డోరు ఖాళీలోనూ, కీలు స్తంభం నుంచి నడిమి స్తంభానికి పైన ఒకటి, కింద ఒకటి, ఏటవాలుగా ఒకటి చొప్పున చదరపు గొట్టాలు వెల్డు చేయాలి. రెండు పక్కలనూ కలుపుతూ భుజం ఎత్తులో అడ్డంగా ఇంకొకటి. ఈ గొట్టాలను డోరు లోపలి గీతకు లోపలగా వేస్తే, అవి ఉండగానే డోరు బిగించి సందులు చూసుకోవచ్చు. బయటి గీత మీద వేసినవాడు సందు చూడాలన్నప్పుడల్లా కమ్మీ కోసుకోవాలి.

శాశ్వత బలం

ఇక గడప. దాని బయటి రేకును డోరు పొడవునా తెరిచి, లోపల 2 మిల్లీమీటర్ల రేకుతో మడిచిన పెట్టెను గాని, లోపలి ఖాళీకి సరిపడే దీర్ఘచతురస్రపు గొట్టాన్ని గాని కూర్చోబెట్టి, మళ్ళీ మూసేయాలి. ఆ గొట్టం డోరు అంచు దగ్గర ఆగిపోకూడదు. ముందు కీలు స్తంభాన్ని, వెనక నడిమి స్తంభాన్ని దాటి లోపలికి పోవాలి. చివరలను నిటారుగా కాకుండా ఏటవాలుగా కోయాలి, లేకపోతే బలమైన ఉక్కు ముగిసి పలుచని రేకు మొదలయ్యే గీత మీదే పగులు పుడుతుంది. గడప, కీలు స్తంభం కలిసే మూల ఈ కారు మొత్తానికి అతి ఎక్కువ భారం పడే చోటు. అక్కడ లోపలి వైపు త్రికోణపు పలక వేయడం మరిచిపోవద్దు.

రెండు గడపలనూ కలుపుతూ సీట్ల ముందొకటి, సీట్ల కిందొకటి అడ్డ దూలాలు ఉండాలి. కారు అడుగున ఇంటూ గుర్తు ఆకారంలో గొట్టాలు వేస్తే మెలితిప్పుడు బాగా తగ్గుతుంది. వీటిని వెల్డు చేయకుండా బోల్టులతో బిగించాలి, లేకపోతే గేర్‌బాక్సు దింపవలసిన రోజున కోసుకోవాలి. బోల్టు పోయే చోట గడప నలగకుండా లోపల గట్టి గొట్టపు ముక్క పెట్టాలి. సైలెన్సరు గొట్టానికి ఎడం చూసుకోవాలి. సీట్ల వెనక, డిక్కీకీ మనుషులకూ మధ్య ఖాళీగా ఉన్న భాగాన్ని రేకుతోనో, త్రికోణాలుగా వేసిన గొట్టాలతోనో మూసేయాలి. పనివాళ్ళు దీన్ని అలంకారంగా భావించి వదిలేస్తారు. నిజానికి అట్టపెట్టె చివరి గోడ ఇదే.

ముందు స్తంభం విషయంలో అద్దం ఫ్రేము లోపల గొట్టం దూర్చినంత మాత్రాన సరిపోదు. ఆ గొట్టం డాష్‌బోర్డు దగ్గర మొదలైతే మొలక లాగా ఊగుతుంది; అది నేల నుంచి లేచి, కీలు స్తంభంలోంచి పైకి పోయి, అద్దం పైపట్టీని చేరి, రెండో పక్కకు దిగాలి. సీట్ల వెనక రక్షణ కమాను తప్పనిసరి. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్ఐఏ, నియమాలు ప్రధాన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం గాని, 50 వ్యాసం, 2 మందం గాని ఉన్న, అతుకు లేకుండా చల్లగా లాగిన ఉక్కు గొట్టాన్ని, కనీసం 350 మెగాపాస్కల్ బలంతో కోరతాయి. నీటి పైపు దీనికి పనికిరాదు. చూపుకు ఒకేలా ఉన్నా దాని అతుకు విచ్చుకుంటుంది. కమాను పాదాల కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల పలకలు ఉండాలి. కమాను తల నుంచి అద్దం పైపట్టీకి ఒక దారం లాగి, హెల్మెట్ పెట్టుకున్న డ్రైవరును కూర్చోబెట్టి చూస్తే, హెల్మెట్ ఆ దారానికి 50 మిల్లీమీటర్లన్నా కిందుండాలి.

కొత్త కార్ల నడిమి స్తంభాల్లో వేడిగా నొక్కి గట్టిపరిచిన బోరాన్ ఉక్కు ఉంటుంది, దాని బలం 1,500 మెగాపాస్కల్ దాకా. మామూలు డ్రిల్లు ముక్క దాని మీద తిరిగి తిరిగి నీలంగా మారుతుంది, చిల్లు పడదు. దానికన్నా ముఖ్యం, వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ ఉక్కు మెత్తబడుతుంది. మన అతుకు ఆ ఉక్కు మీద పడకుండా, పక్కనున్న మెత్తటి ఉక్కు మీద పడేలా గీత వేసుకోవాలి.

వెల్డింగ్ మిగ్‌తో, అంటే తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ యంత్రంతో, చిన్న చిన్న ముక్కలుగా చేయాలి. ఎడమ గడప మీద ఒక అంగుళం, కుడి గడప మీద ఒక అంగుళం, మధ్యలో చల్లారనిస్తూ. ఒకే పక్క పొడవునా లాగేసుకుంటూ పోతే వేడికి గడప అరటికాయలా వంగుతుంది. రెండు రేకులు కలిసే చోట ముందుగా జింకు ప్రైమరు, పని అయ్యాక లోపలి ఖాళీల్లోకి మైనం స్ప్రే, నీళ్ళు పోయే రంధ్రాలు తెరిచే ఉంచడం. గంజాం తీరపు ఉప్పుగాలిలో ఇది ఐచ్ఛికం కాదు. మూసిన పెట్టెలో తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, పుట్టీ ఊడిన రోజునే బయటపడుతుంది.

ఇప్పుడు రెండో మెలితిప్పుడు పరీక్ష. కప్పు ఇంకా ఉంది కనుక అంకె మొదటి దానికన్నా పైకి రావాలి. రాకపోతే వేసిన ఉక్కు భారం మోయని చోట పడింది, కోత ఆపండి.

కోత

ఇంత పని చేశాక కోత పూటలో అయిపోతుంది. కోసే గీతకు రెండు పక్కలా టేపు అంటించి, అసలు గీతకు ఒక సెంటీమీటరు పైనే కోయండి. మిగిలినది తరువాత తీర్చుకోవచ్చు. మొత్తం కప్పు తీస్తుంటే మొదట నడిమి స్తంభాలు, తరువాత వెనక స్తంభాలు, చివరికి ముందు వైపు. ఒక పక్క కోసి రెండో పక్కకు వెళ్ళే ముందు డోరు సందులు చూసి, స్తంభం మీద రాసిన అంకెలతో పోల్చండి. కోతలో బ్లేడు ఇరుక్కుంటే శరీరం కదులుతున్నట్టు అర్థం. గ్రైండర్‌ను బలవంతం చేయకుండా ఆగి, స్టాండ్లు, కమ్మీలు చూసుకోండి. ముగ్గురు నలుగురు కలిసి కప్పును ఎత్తి పక్కన పెట్టాలి. దాన్ని తుక్కు కింద అమ్మవద్దు.

తాత్కాలిక కమ్మీలు కోసేశాక మూడో పరీక్ష, మరోసారి అన్ని కొలతలు.

అద్దాలు, బెల్టులు, కొత్త కప్పు

సీటు బెల్టు పై కొక్కెం పోయింది కనుక దాన్ని రక్షణ కమానుకు అడ్డంగా వేసిన గొట్టానికి, భుజం ఎత్తుకు కాస్త దిగువగానో సమంగానో బిగించాలి. నేలకు దింపి బిగిస్తే ప్రమాదంలో బెల్టు వెన్నును కిందికి నొక్కుతుంది. డోరు అద్దానికి ఫ్రేము ఉంటే దాన్ని కోసి, అద్దం కింది పట్టాలను పొడిగించి, అద్దం ఊగకుండా ఆపే రబ్బరు దిమ్మలు వేయాలి. విసుగు పుట్టించే పని ఇది.

కప్పుకు సులువైన మార్గం, కోసిన కప్పునే తిరిగి వాడడం. దాన్ని శుభ్రం చేసి, మైనం పూసి, పైనుంచి ఫైబర్ అచ్చు తీస్తే, ఆ అచ్చులో తేలికైన ఊడే టాపు పోయవచ్చు. వంపులన్నీ కారువే కనుక అతికినట్టు కూర్చుంటుంది. మడిచే గుడ్డ టాపు కావాలంటే చట్రాన్ని నేరుగా ఉక్కుతో మొదలుపెట్టవద్దు. మొదట ప్లైవుడ్ బద్దలు, మేకులతో నమూనా చేసి, తెరిచినప్పుడూ మూసినప్పుడూ ఏ కీలు ఎక్కడికి వస్తుందో చూసుకోవాలి. ఒక కీలు 5 మిల్లీమీటర్లు జరిగితే గుడ్డ మొత్తం వదులవుతుంది. గుడ్డ కుట్టడానికి మా ప్రాంతంలో సీటు కవర్ల దర్జీలు ఉన్నారు, చేయి మంచిది, కాని నూలు దారం వాడనివ్వకండి. ఎండకు తట్టుకునే పాలియెస్టర్ దారం, మధ్యలో రబ్బరు పొర ఉన్న మూడు పొరల గుడ్డ తెప్పించి ఇవ్వండి. రెక్సిన్ ఇక్కడి వేసవిలో చిట్లుతుంది. కుట్టు రంధ్రాలను లోపల టేపుతో మూయించాలి.

టాపు తీసినప్పుడు గాలి వెనక నుంచి తిరిగి వచ్చి మెడ మీద కొడుతుంది. సీట్ల వెనక నిలువుగా వల కడితే అది చాలావరకు తగ్గుతుంది. వెనక స్పాయిలరు మునుపటిలా పని చేస్తుందని నమ్మవద్దు, కప్పు మీంచి జారివచ్చే గాలి కోసమే దాన్ని రూపొందించారు. స్ప్రింగులను ఒక మెట్టు మెత్తవి వేయడం కూడా మంచిది.

నడిపి చూడడం, తడిపి చూడడం

మొదటి నడక సొంత ఆవరణలో, నెమ్మదిగా. ఒక ముందు చక్రాన్ని ఇటుక ఎత్తున్న దిమ్మ మీదికి ఎక్కించి ఆపి, ఆ భంగిమలోనే రెండు డోర్లూ తెరిచి మూయండి. పడకపోతే ట్రాక్ గురించి ఆలోచించవద్దు. పడితే తక్కువ వేగంతో మొదలుపెట్టి, ప్రతి పరుగు తరువాత వెల్డింగ్ గీతల దగ్గర పెయింటు వెంట్రుకలా చిట్లిందేమో టార్చి వేసి చూడండి.

వాన పరీక్షకు నేను దినపత్రికలు వాడతాను. టాపు బిగించి, సీట్ల కింద, కాళ్ళ దగ్గర, డిక్కీలో పాత పేపర్లు పరిచి, మోటారు పైపుతో అరగంట నీళ్ళు కొడతాం, మొదట పైనుంచి, తరువాత పక్కల నుంచి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి నీళ్ళు పైనుంచి కాదు, అడ్డంగా వచ్చాయి. అప్పటి నుంచి పక్కల నుంచి కొట్టే సమయాన్ని రెట్టింపు చేశాను. నీరు ఎక్కడ దూరిందో పేపరు మీద మచ్చ చెబుతుంది, ఎంత దూరిందో ఎన్ని పొరలు తడిశాయో చెబుతాయి. మచ్చ అద్దం పైపట్టీ మూలల కింద ఉంటే రబ్బరు మార్చాలి. గడప పక్కన ఉంటే, వేసిన పెట్టె నీటి రంధ్రాన్ని మూసేసిందేమో కింద పడుకుని చూడాలి.

కారు అప్పగించేటప్పుడు డోరు కీలు స్తంభం మీది అంకెలను మేము చెరపం, వాటి మీద పెయింటు కూడా వేయం. నెల తిరిగాక కారు మళ్ళీ వచ్చినప్పుడు అదే ఎనిమిది చోట్ల సందు కొలిచి, పక్కన కొత్త అంకె రాస్తాం. ఎక్కడైనా ఒక మిల్లీమీటరుకు మించి తేడా ఉంటే కార్పెట్ ఎత్తి, గడప మూల నుంచి మళ్ళీ వెతకడం మొదలుపెడతాం.